రెండు క్లౌడ్‌ల మధ్య దారి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల అందిన సాంకేతిక ప్రశ్నల్లో చాలావరకు ఒకే ఇబ్బంది చుట్టూ తిరిగాయి. సంస్థ పని కొంత ఒక క్లౌడ్‌లో, కొంత మరో క్లౌడ్‌లో ఉన్నప్పుడు ఆ రెండింటి ప్రైవేటు నెట్‌వర్క్‌లను ఎలా కలపాలి, కలిపినా పని చేయకపోతే ఎక్కడ వెతకాలి అన్నదే ఆ ఇబ్బంది. అన్ని జవాబులకూ వర్తించే మాట ఒకటి ముందే చెప్పుకోవాలి. ప్రతి క్లౌడ్ సంస్థా కొన్ని విలువలను మన ఇష్టానికి వదిలేస్తుంది, కొన్నింటిని తానే బిగించి పెడుతుంది. రెండు వైపులా బిగించి ఉన్నవేమిటో ముందు కాగితం మీద రాసుకుని, మిగిలినవాటిని వాటికి తగ్గట్టు సర్దుకోవాలి. ఉత్తరాలను బట్టి చూస్తే చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తున్నారు. ఒక వైపును డిఫాల్ట్ విలువలతో పూర్తిగా కట్టేసి, ఆ తర్వాత రెండో వైపును దానికి అతికించబోతున్నారు.

ప్రశ్న: మా అప్లికేషన్లు ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) హైదరాబాద్ రీజియన్‌లో, రిపోర్టుల వ్యవస్థ అజూర్ (మైక్రోసాఫ్ట్ క్లౌడ్) వారి పుణె రీజియన్‌లో ఉన్నాయి. సైట్-టు-సైట్ వీపీఎన్‌తో (ఇంటర్నెట్ మీదుగా రెండు నెట్‌వర్క్‌లను కలిపే గుప్త మార్గం; అందులోని ఒక్కో దారి ఒక టన్నెల్) కలుపుదామని ఏడబ్ల్యూఎస్ వైపు కనెక్షన్ సృష్టించాం. అది ఇచ్చిన టన్నెల్ లోపలి చిరునామాను అజూర్‌లో బీజీపీ చిరునామాగా ఇస్తే అంగీకరించడం లేదు. తప్పు ఎవరిది?
— ఒక సిస్టమ్స్ ఇంజనీరు, హైదరాబాద్

జవాబు: తప్పు ఎవరిదీ కాదు. రెండు నిబంధనల మధ్య పొంతన కుదరలేదు, అంతే. టన్నెల్ రెండు కొసలూ బీజీపీ (ఏ చిరునామాలకు ఎటు వెళ్లాలో రౌటర్లు ఒకదానికొకటి చెప్పుకునే పద్ధతి) ద్వారా మాట్లాడుకోవడానికి 169.254తో మొదలయ్యే లింక్-లోకల్ చిరునామాలు వాడతారు. ఏడబ్ల్యూఎస్ ప్రతి టన్నెల్‌కు 169.254.0.0/16 నుంచి ఒక /30 ముక్క (నాలుగు చిరునామాలది; గీత తర్వాతి అంకె పెరిగే కొద్దీ ముక్క చిన్నదవుతుంది) తీసుకుంటుంది. మీరు ఏమీ చెప్పకపోతే, తాను కేటాయించి పెట్టుకున్న కొన్ని ముక్కలు మినహా, ఆ విశాలమైన పరిధిలో ఎక్కడి నుంచైనా ఎంచుకుంటుంది. అజూర్ మాత్రం 169.254.21.0 నుంచి 169.254.22.255 వరకు ఉన్న చిరునామాలనే ఒప్పుకుంటుంది. ఏడబ్ల్యూఎస్ యథాలాపంగా ఎంచిన ముక్క ఈ చిన్న పరిధిలో పడే అవకాశం చాలా తక్కువ. కాబట్టి ఎవరి నిబంధన బిగువుగా ఉందో వారి పరిధి నుంచే చిరునామాలు ఎంచుకుని, ఏడబ్ల్యూఎస్ కనెక్షన్ సృష్టించేటప్పుడే వాటిని మీరు స్వయంగా రాయాలి.

ఆ లెక్క ఎలా వేయాలో చూద్దాం. అజూర్ గేట్‌వేను యాక్టివ్-యాక్టివ్ పద్ధతిలో పెడితే దానికి రెండు ఇన్‌స్టెన్స్‌లు, రెండు పబ్లిక్ ఐపీలు ఉంటాయి. ఏడబ్ల్యూఎస్ వైపు ఒక్కో పబ్లిక్ ఐపీకి ఒక్కో కస్టమర్ గేట్‌వే (అవతలి పరికరం గురించి ఏడబ్ల్యూఎస్‌లో చేసే నమోదు), ఒక్కో వీపీఎన్ కనెక్షన్ కావాలి. ఒక్కో కనెక్షన్‌లో రెండు టన్నెళ్లు కాబట్టి మొత్తం నాలుగు. మొదటి కనెక్షన్‌కు 169.254.21.0/30, 169.254.22.0/30 ఇవ్వండి. రెండో దానికి 169.254.21.4/30, 169.254.22.4/30 ఇవ్వండి. /30 ముక్కలో వాడుకోదగినవి రెండే చిరునామాలు. వాటిలో మొదటిదాన్ని ఏడబ్ల్యూఎస్ ఎప్పుడూ తానే ఉంచుకుని రెండోదాన్ని అవతలివారికి వదులుతుంది. అందువల్ల ఏడబ్ల్యూఎస్ కొసలు 21.1, 22.1, 21.5, 22.5 అవుతాయి. అజూర్ మొదటి ఇన్‌స్టెన్స్‌కు 21.2, 22.2, రెండో దానికి 21.6, 22.6 వస్తాయి. అజూర్‌లో ఈ నాలుగింటినీ గేట్‌వే మీద నమోదు చేస్తే సరిపోదు, ప్రతి కనెక్షన్‌లోనూ ఏ చిరునామా వాడాలో విడిగా ఎంచి చూపాలి. టన్నెల్ పైకి వచ్చి బీజీపీ మాత్రం రాకపోతే ముందు ఇక్కడే చూడండి.

ఏఎస్ఎన్ (బీజీపీలో ఒక్కో నెట్‌వర్క్‌ను గుర్తించే సంఖ్య) విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. ఏడబ్ల్యూఎస్ వర్చువల్ ప్రైవేట్ గేట్‌వే (వీపీఎన్ వచ్చి కలిసే ఏడబ్ల్యూఎస్ వైపు ద్వారం) డిఫాల్ట్‌గా 64512 తీసుకుంటుంది, అజూర్ గేట్‌వే 65515 తీసుకుంటుంది. ఈ రెండూ కలిసి పని చేస్తాయి. అయితే 65515తో పాటు 65517 నుంచి 65520 వరకు ఉన్న సంఖ్యలను, పబ్లిక్ సంఖ్యల్లో 8074, 8075, 12076లను అజూర్ తన కోసం ఉంచుకుంది కాబట్టి అవతలి వైపు వాటిని పెట్టకూడదు. వర్చువల్ ప్రైవేట్ గేట్‌వేకు ఒకసారి ఇచ్చిన ఏఎస్ఎన్ మార్చడం కుదరదు. మార్చాలనుకుంటే కొత్త గేట్‌వేయే కట్టుకోవాలి. రేపు మూడో క్లౌడ్ చేరుతుందన్న అనుమానం ఉన్నా సరే, ఇప్పుడే సంఖ్యల పట్టిక ఒకటి రాసి పెట్టుకోండి.

అజూర్‌లో గేట్‌వే ఉండే సబ్‌నెట్‌కు గేట్‌వేసబ్‌నెట్ (GatewaySubnet) అన్న పేరే, మధ్యలో ఖాళీ లేకుండా ఉండాలి. పరిమాణం /27 గానీ అంతకన్నా పెద్దది గానీ అయితే మంచిది. బేసిక్ రకం గేట్‌వేకు బీజీపీ రాదు. గేట్‌వే తయారు కావడానికి 45 నిమిషాలో అంతకు మించో పడుతుంది కాబట్టి, తప్పుడు రకం ఎంచుకున్న సంగతి గంట తర్వాత తెలిసి విసుక్కునే బదులు ముందే సరిచూసుకోండి.

ప్రశ్న: టన్నెల్ అసలు పైకే రావడం లేదు. కీ రెండు వైపులా ఒకటే పెట్టాలని తెలుసు. పాస్‌వర్డ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్‌తో బలమైన కీ తీశాం. ఏడబ్ల్యూఎస్ దాన్ని తిరస్కరిస్తోంది.
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఏడబ్ల్యూఎస్ ప్రీ-షేర్డ్ కీలో ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, చుక్క, అండర్‌స్కోర్ మాత్రమే ఉండాలి. పొడవు 8 నుంచి 64 అక్షరాల మధ్య ఉండాలి, సున్నాతో మొదలు కాకూడదు. ప్రత్యేక గుర్తులు తీసేసి, అందుకు బదులుగా పొడవు పెంచండి. ఇంకొకటి: అజూర్ కనెక్షన్‌కు సొంత ఐపీసెక్ (టన్నెల్‌లో ప్యాకెట్లను గుప్తంగా చుట్టే పద్ధతి) పాలసీ పెడితే అది ఆ ఒక్క కలయికనే ప్రతిపాదిస్తుంది, ఆ ఒక్కదాన్నే అంగీకరిస్తుంది. ఎన్‌క్రిప్షన్, హ్యాష్, డీహెచ్ (కీ మార్పిడి) గ్రూప్‌లలో ఏ ఒక్కటి కుదరకపోయినా టన్నెల్ లేవదు.

ప్రశ్న: గూగుల్ క్లౌడ్ హెచ్‌ఏ (ఒకటి ఆగినా మరొకటి నడిచే) వీపీఎన్‌కు రెండు ఇంటర్‌ఫేస్‌లు ఉన్నాయి, ఏడబ్ల్యూఎస్ ఒక్క కనెక్షన్‌లోనే రెండు టన్నెళ్లు ఇస్తోంది. రెండుకు రెండు సరిపోతాయి కదా, నాలుగు టన్నెళ్లు ఎందుకు పెట్టమంటున్నారు? అలాగే ఏడబ్ల్యూఎస్ దారులు మా ముంబై సర్వర్లకు తెలుస్తున్నాయి గానీ ఢిల్లీ సర్వర్లకు తెలియడం లేదు.
— ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: అంకెలు సరిపోయినట్టు కనిపిస్తాయి గానీ అమరిక సరిపోదు. ఏడబ్ల్యూఎస్ కనెక్షన్ ఒక్కటి అవతలి వైపు ఒక్క పబ్లిక్ ఐపీ మీదే ఆగుతుంది. దాని రెండు టన్నెళ్లూ గూగుల్ గేట్‌వేలోని ఒకే ఇంటర్‌ఫేస్‌కు చేరతాయి, రెండో ఇంటర్‌ఫేస్ ఖాళీగా పడి ఉంటుంది. కాబట్టి రెండు ఇంటర్‌ఫేస్‌లకు రెండు కనెక్షన్లు, వాటితో నాలుగు టన్నెళ్లు తప్పవు. గూగుల్ ఇచ్చే 99.99 శాతం లభ్యత హామీ ఏడబ్ల్యూఎస్ విషయంలో ఈ నాలుగింటి అమరికకే వర్తిస్తుంది. అవతలి గేట్‌వేను నమోదు చేసేటప్పుడు కూడా నాలుగు ఐపీలున్న రకంగానే నమోదు చేయాలి.

హెచ్‌ఏ వీపీఎన్‌లో చేత్తో రాసే స్టాటిక్ రూట్లకు చోటు లేదు, బీజీపీ తప్పనిసరి. క్లౌడ్ రౌటర్‌కు (గూగుల్ వైపు బీజీపీ మాట్లాడేది) ఇచ్చే ఏఎస్ఎన్ ప్రైవేటు పరిధిలోదే, అంటే 64512 నుంచి 65534 వరకు గానీ, 4200000000 నుంచి 4294967294 వరకు గానీ ఉండాలి. ఏడబ్ల్యూఎస్ వైపు 64512 ఉంది కదా అని ఇక్కడా అదే వేయకండి, 65001 లాంటిది వేయండి.

ఇక ఢిల్లీ సంగతి. గూగుల్ వీపీసీ (క్లౌడ్‌లోని ప్రైవేటు నెట్‌వర్క్) అన్ని రీజియన్లకూ కలిపి ఒకటే అయినా, దాని డైనమిక్ రూటింగ్ విధానం డిఫాల్ట్‌గా రీజియనల్‌గా ఉంటుంది. ముంబై క్లౌడ్ రౌటర్ నేర్చుకున్న దారులు ముంబై దాటవు. వీపీసీ సెట్టింగుల్లో దాన్ని గ్లోబల్‌కు మార్చండి. ఏడబ్ల్యూఎస్ వైపు దీనికి జోడీ లాంటి చిక్కు ఒకటుంది. వర్చువల్ ప్రైవేట్ గేట్‌వే నేర్చుకున్న దారులు సబ్‌నెట్ల రూట్ టేబుళ్లలోకి వాటంతట అవి చేరవు, ప్రతి రూట్ టేబుల్‌లోనూ ప్రాపగేషన్‌ను విడిగా అనుమతించాలి. ఒక సబ్‌నెట్‌లోని సర్వర్ పలుకుతూ పక్క సబ్‌నెట్‌లోనిది పలకకపోతే కారణం చాలాసార్లు ఇదే.

ప్రశ్న: అజూర్‌లో గేట్‌వే ఖర్చు తగ్గించుకుందామని ఒక లినక్స్ యంత్రంపై స్ట్రాంగ్‌స్వాన్ అనే వీపీఎన్ సాఫ్ట్‌వేర్ పెట్టి ఏడబ్ల్యూఎస్‌కు కలిపాం. పింగ్ వెళ్తోంది, ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అవుతోంది, డేటాబేస్‌లో చిన్న క్వెరీలకు జవాబు వస్తోంది. పెద్ద క్వెరీ ఇస్తే మాత్రం అలాగే నిలిచిపోతోంది. ఫైర్‌వాల్ అంతా తెరిచి చూశాం, ఫలితం లేదు.
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: చిన్నవి వెళ్లి పెద్దవి ఆగిపోతున్నాయంటే ముందు ఎంటీయూను, అంటే దారిలో పట్టే అతి పెద్ద ప్యాకెట్ పరిమాణాన్ని, అనుమానించాలి. ఏడబ్ల్యూఎస్ వీపీసీ లోపల 9,001 బైట్ల ప్యాకెట్లు నడుస్తాయి. అజూర్‌లో సాధారణంగా 1,500, గూగుల్ వీపీసీలో డిఫాల్ట్‌గా 1,460 ఉంటుంది. టన్నెల్‌లో ఇవేవీ పట్టవు. ఐపీసెక్ తన శీర్షికలు తగిలించుకున్నాక, ఏఈఎస్-జీసీఎం ఎన్‌క్రిప్షన్ వాడితే ఏడబ్ల్యూఎస్ టన్నెల్‌లో మిగిలేది 1,446 బైట్లు. మీ లినక్స్ యంత్రం పబ్లిక్ ఐపీ నాట్ (చిరునామాలను మార్చి పంపే ఏర్పాటు) వెనుక ఉంది కాబట్టి ప్యాకెట్ మీద యూడీపీ తొడుగు కూడా పడుతుంది. దానికి 8 బైట్లు పోగా 1,438 మిగులుతుంది.

ఇప్పుడు మీ క్వెరీ విషయంలో జరిగేది చూడండి. టీసీపీ సంభాషణ మొదట్లోనే రెండు యంత్రాలూ తాము ఎంత పెద్ద ముక్క అందుకోగలవో చెప్పుకుంటాయి. ఏడబ్ల్యూఎస్ సర్వర్ 8,961 అంటుంది, అజూర్ సర్వర్ 1,460 అంటుంది, చిన్నదైన 1,460 ఖాయమవుతుంది. దానికి టీసీపీ, ఐపీ శీర్షికల 40 బైట్లు కలిపితే ప్యాకెట్ 1,500 అవుతుంది. టన్నెల్‌లో పట్టేది 1,438 మాత్రమే. లాగిన్, చిన్న క్వెరీ ఆ లోపే ఉంటాయి కాబట్టి దాటిపోతాయి, పెద్ద జవాబులోని తొలి నిండు ప్యాకెట్ దగ్గరే బండి ఆగిపోతుంది. మామూలుగా అయితే మధ్యలోని రౌటర్ ‘ఇది పెద్దది, తగ్గించి పంపు’ అని ఐసీఎంపీ (నెట్‌వర్క్ హెచ్చరికలు పంపే పద్ధతి) ద్వారా చెప్పాలి. కానీ ఏడబ్ల్యూఎస్ వీపీఎన్, ఇలా పరిమాణం కనుక్కునే పాత్ ఎంటీయూ డిస్కవరీని సమర్థించదు. పంపినవాడికి కబురు అందదు, అదే ప్యాకెట్‌ను మళ్లీ మళ్లీ పంపుతూ ఉంటాడు.

ఖాయం చేసుకోవడం తేలిక. ముక్కలు చేయవద్దన్న షరతుతో పింగ్‌ను 1,410 బైట్ల పేలోడ్‌తో పంపండి. ఐసీఎంపీ, ఐపీ శీర్షికల 28 బైట్లు కలిసి అది 1,438 అవుతుంది. అది వెళ్లి, 1,472తో పంపినది వెళ్లకపోతే ఇక వెతకనక్కర్లేదు. పరిష్కారం లినక్స్ యంత్రం మీదే ఉంది. టన్నెల్ గుండా పోయే టీసీపీకి ఎంఎస్ఎస్‌ను (పైన చెప్పిన ముక్క పరిమాణాన్ని) 1,350కి బిగించండి. లెక్క ప్రకారం 1,398 దాకా పెట్టవచ్చు గానీ, రేపు ఎవరైనా ఎన్‌క్రిప్షన్ మారిస్తే ఆ మార్జిన్ సరిపోకపోవచ్చు. అజూర్ తన వీపీఎన్‌కు కలిసే పరికరాలకు సూచించేది కూడా 1,350నే. ఎంఎస్ఎస్ టీసీపీకి మాత్రమే వర్తిస్తుంది. యూడీపీతో పని చేసే అప్లికేషన్ ఉంటే దాని ప్యాకెట్ పరిమాణాన్ని ఆ అప్లికేషన్‌లోనో, యంత్రం ఇంటర్‌ఫేస్ మీదో తగ్గించుకోవాలి. ఆ లినక్స్ యంత్రం నెట్‌వర్క్ కార్డు మీద అజూర్‌లో ఐపీ ఫార్వార్డింగ్ అనుమతించడం, మిగతా సబ్‌నెట్లకు దాన్ని తర్వాతి మజిలీగా చూపే రూట్ టేబుల్ తగిలించడం ఎలాగూ చేసే ఉంటారు, లేకపోతే పింగ్ కూడా వచ్చేది కాదు. ఒక్క యంత్రం మీద ఆధారపడి ఉత్పత్తి వ్యవస్థను నడపడం మాత్రం నాకు నచ్చని పొదుపు.

ప్రశ్న: మేము కొనుగోలు చేసిన సంస్థ అజూర్‌లో ఉంది, మేము ఏడబ్ల్యూఎస్‌లో ఉన్నాం. రెండు చోట్లా 10.0.0.0/16 పరిధే. ఎవరినీ కదిలించకుండా కలిపే మార్గం ఉందా?
— ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: ఉంది గానీ అది పూర్తి కలయిక కాదు. రెండు క్లౌడ్‌ల పోర్టళ్లూ కొత్త నెట్‌వర్క్‌కు 10.0.0.0/16నే ముందుగా చూపుతాయి కాబట్టి మీకు వచ్చిన కష్టం చాలామందికి వచ్చేదే. వీపీసీ సొంత పరిధికి చెందిన గమ్యం కనిపిస్తే ప్యాకెట్ లోకల్ రూట్ పట్టుకుని లోపలే తిరుగుతుంది, గేట్‌వే దాకా రాదు. ఏడబ్ల్యూఎస్‌లో వీపీసీ ప్రాథమిక పరిధిని మార్చలేరు, అదనపు పరిధిని చేర్చుకోగలరు.

ఒకటి రెండు సేవలే పంచుకోవాల్సి ఉంటే నేను సూచించే దారి ఇది. ఏడబ్ల్యూఎస్‌లో 10.60.0.0/24 లాంటి, ఎవరితోనూ ఢీకొనని చిన్న వీపీసీ ఒకటి కట్టి వీపీఎన్‌ను దానికి తగిలించండి. మీ అసలు వీపీసీలోని సేవ ముందు నెట్‌వర్క్ లోడ్ బ్యాలెన్సర్ పెట్టి, ప్రైవేట్‌లింక్ ద్వారా ఆ చిన్న వీపీసీలో ఎండ్‌పాయింట్‌గా చూపండి. అజూర్ వారికి ఆ చిన్న పరిధి తప్ప మరేమీ తెలియనక్కర్లేదు. సంభాషణ అజూర్ వైపు నుంచే మొదలవుతుంది, మీ సర్వర్ లాగుల్లో అసలు క్లయింట్ చిరునామా కనిపించదు. ఈ రెండు పరిమితులు ఒప్పుకోగలిగితే ఇదే చవక. రెండు వైపులా ఒకరినొకరు పిలుచుకోవాలంటే నాట్ పెట్టాలి. అజూర్ వీపీఎన్ గేట్‌వేలో నాట్ వీపీఎన్‌జీడబ్ల్యూ2, అంతకు పై రకాల్లోనే దొరుకుతుంది. నాట్ పెట్టిన ప్రతి చోటా ఒక యంత్రానికి రెండు చిరునామాలుంటాయి, అర్ధరాత్రి సమస్య వెతికేవారికి ఆ రెండూ గుర్తుండాలి. రెండేళ్లకు మించి కలిసి ఉండబోయే నెట్‌వర్క్‌లైతే, చిన్నదాని చిరునామాలు మార్చేయడమే మేలని నా అభిప్రాయం.

కొత్త పరిధి ఎంచుకునేటప్పుడు తప్పించాల్సినవి కొన్ని ఉన్నాయి. ఏడబ్ల్యూఎస్ డిఫాల్ట్ వీపీసీ 172.31.0.0/16లో ఉంటుంది. గూగుల్ ఆటో-మోడ్ నెట్‌వర్క్ 10.128.0.0/9 నుంచి రీజియన్ రీజియన్‌కూ ముక్కలు కోస్తుంది, కొత్త రీజియన్ వచ్చినప్పుడు కొత్త ముక్క కోస్తుంది. 172.17.0.0/16ను డాకర్ (కంటైనర్లు నడిపే సాఫ్ట్‌వేర్) డిఫాల్ట్‌గా వాడుకుంటుంది. ఈ చివరిది ఇబ్బంది పెట్టే తీరు వింతగా ఉంటుంది: అవతలి నెట్‌వర్క్ ఆ పరిధిలో ఉంటే, డాకర్ ఉన్న యంత్రాలు మాత్రమే దాన్ని చేరలేవు, పక్కనున్నవి హాయిగా చేరతాయి.

ప్రశ్న: నాలుగు టన్నెళ్లు, ఒక్కోటి 1.25 గిగాబిట్లు. మొత్తం 5 రావాలి కదా? రాకపోతే నేరుగా తీగ లాగించుకోవడమే మేలా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: రాదు. ఏడబ్ల్యూఎస్ వర్చువల్ ప్రైవేట్ గేట్‌వే టన్నెళ్ల మీద రద్దీని సమంగా పంచదు. దాని మీద ఎన్ని కనెక్షన్లు వేసినా ఏడబ్ల్యూఎస్ నుంచి బయటికి పోయే మొత్తం 1.25 గిగాబిట్ల దగ్గరే ఆగుతుంది. పంచాలంటే ట్రాన్సిట్ గేట్‌వే (అనేక నెట్‌వర్క్‌లను కలిపే ఏడబ్ల్యూఎస్ కూడలి), దాని మీద బీజీపీ కావాలి. అప్పుడు కూడా ఒక్క టీసీపీ సంభాషణ ఒక్క టన్నెల్‌లోనే నడుస్తుంది కాబట్టి, ఒకే పెద్ద ఫైల్ కాపీతో వేగం కొలిచి నిరాశపడకండి.

తీగ విషయానికి వస్తే, డైరెక్ట్ కనెక్ట్ (ఏడబ్ల్యూఎస్ ప్రత్యేక తీగ) పోర్టును ఎక్స్‌ప్రెస్‌రూట్ (అజూర్ ప్రత్యేక తీగ) పోర్టుకు తిన్నగా గుచ్చలేరు. రెండూ అవతల వినియోగదారుడి రౌటర్ ఉంటుందని అనుకుంటాయి కాబట్టి మధ్యలో మీదో, మీ సర్వీస్ ప్రొవైడర్‌దో రౌటర్ ఉండాలి. ఎక్స్‌ప్రెస్‌రూట్ /30లో మొదటి చిరునామా మీకు, రెండోది మైక్రోసాఫ్ట్‌కు. ఏడబ్ల్యూఎస్ వీపీఎన్ అలవాటుకు ఇది సరిగ్గా తిరగబడి ఉంటుంది. దారుల పరిమితుల్లో తేడా ఇంకా పెద్దది. ఎక్స్‌ప్రెస్‌రూట్ ప్రైవేట్ పీరింగ్ మామూలుగా 4,000 ప్రిఫిక్స్‌ల (చిరునామా పరిధుల) దాకా ఒప్పుకుంటుంది. డైరెక్ట్ కనెక్ట్ ప్రైవేట్ వర్చువల్ ఇంటర్‌ఫేస్ మీద 100 దాటి ప్రకటిస్తే ఎక్కువైనవాటిని వదిలేయడం కాదు, బీజీపీ సెషన్ మొత్తం పడిపోతుంది. అజూర్‌లో ఎవరో నూటొకటో ప్రిఫిక్స్ చేర్చిన రోజు మీ తీగ అంతా మూగబోతుందన్నమాట. మధ్య రౌటర్‌లో దారులను కుదించి పెద్ద ముద్దలుగా ప్రకటించండి. గూగుల్ 2023లో తెచ్చిన క్రాస్-క్లౌడ్ ఇంటర్‌కనెక్ట్‌లో మధ్య రౌటర్ బాధ తప్పుతుంది గానీ వచ్చిన కొత్తలో అది 10 లేదా 100 గిగాబిట్ల పరిమాణాల్లోనే దొరికేది. ఒరాకిల్, మైక్రోసాఫ్ట్ తమ మధ్య 2019 నుంచే ఇలాంటి ఏర్పాటు నడుపుతున్నాయి.

ప్రశ్న: అంతా కలిసింది, ఐపీతో పిలిస్తే పలుకుతోంది. పేరుతో పిలిస్తే మాత్రం దొరకడం లేదు.
— ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ప్రతి క్లౌడ్ డీఎన్ఎస్ (పేరును ఐపీగా మార్చే సేవ) తన నెట్‌వర్క్ లోపలి నుంచి అడిగినవారికే జవాబిస్తుంది. అజూర్ వారి డీఎన్ఎస్ చిరునామా 168.63.129.16ను వీనెట్ (అజూర్‌లోని ప్రైవేటు నెట్‌వర్క్) బయటి నుంచి చేరలేరు. ఏడబ్ల్యూఎస్ వీపీసీ పరిధి మొదటి చిరునామాకు రెండు కలిపితే వచ్చే రిజాల్వర్‌నూ బయటి నుంచి వాడుకోలేరు. కాబట్టి ఏడబ్ల్యూఎస్‌లో రూట్ 53 రిజాల్వర్ ఇన్‌బౌండ్, అవుట్‌బౌండ్ ఎండ్‌పాయింట్లు, అజూర్‌లో ప్రైవేట్ రిజాల్వర్ పెట్టి, ఏ డొమైన్‌ను ఎవరు చూడాలో ఫార్వార్డింగ్ నియమాలు రాయాలి. ప్రైవేట్ రిజాల్వర్‌కు కనీసం /28 పరిమాణంలో, మరే వనరూ లేని సబ్‌నెట్ కేటాయించాలి.

మీరు వాడుతున్న రెండో క్లౌడ్ గూగుల్ అయితే ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. క్లౌడ్ డీఎన్ఎస్ ప్రైవేట్ రూటింగ్‌తో బయటికి ఫార్వార్డ్ చేసే ప్రశ్నలు మీ సబ్‌నెట్ చిరునామాతో కాక 35.199.192.0/19 పరిధి నుంచి బయలుదేరతాయి. అది చూడడానికి పబ్లిక్ చిరునామాలా ఉంటుంది కాబట్టి అవతలి క్లౌడ్ జవాబును ఇంటర్నెట్ వైపు పంపేస్తుంది, ప్రశ్న అడిగినవారికి అది చేరదు. క్లౌడ్ రౌటర్ ప్రకటించే దారుల్లో ఆ పరిధిని మీరే ప్రత్యేకంగా చేర్చాలి. అవతలి ఎండ్‌పాయింట్ సెక్యూరిటీ గ్రూప్‌లో ఆ పరిధి నుంచి వచ్చే 53వ పోర్టును యూడీపీకీ, టీసీపీకీ తెరవాలి.